సోమవారం బంగారం: కుర్మయ్య గారి ముప్పై ఏండ్ల కొలువు

వెయ్యిన్ని తొమ్మిదివందల తొంభై అయిదవ సంవత్సరం, నవంబరు నెల ఆరవ తేదీ, సోమవారం ఉదయం, చేవెళ్ల మండలం ముడిమ్యాల గ్రామ వాస్తవ్యులు శ్రీ కుర్మయ్య గారు మన పరిశోధన కేంద్రంలో ప్రయోగశాల సహాయకులుగా విధుల్లో చేరినారు. ఆ రోజులలో మొయినాబాద్ రోడ్డు మీద ఇప్పటి వలె ఫామ్‌హౌజుల గేట్లు గాని, ఫంక్షన్ హాళ్ల దీపాలు గాని లేవు. మన కేంద్రానికి ఒకటే అంతస్తు, ఒకటే బోరు, ఒకటే ఫ్రిజ్జు. టమాట గంపలతో నిండిన బస్సు దిగి, చెప్పులు గేటు బయటనే విడిచి, వట్టి కాళ్లతో లోపలికి అడుగుపెట్టిన కుర్మయ్య గారికి, తాము చేరిన కొలువు ఏమిటో, ఆ గదిలో మనుషులు పొద్దంతా ఏం చూస్తూ కూర్చుంటారో ఆనాడు బొత్తిగా తెలియదు. ముప్పై ఏండ్లు గడిచి పదవీ విరమణ చేస్తున్న ఈ వేళ అడిగినా, "సగం తెల్సింది, సగం తెల్వలే" అనే అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. తెలియని ఆ సగంలోనే వారు ఒకనాడు చిక్కుకుపోయినారు. అందులో నుంచి బయటపడిన తీరు వల్లనే ఈనాడు ఇందరం వారికి చేతులు జోడిస్తున్నాము.

వారి చదువు ఏడవ తరగతి. తండ్రి బాలమల్లు గారు క్యారెట్ మళ్లలో కూలి చేసి కొడుకును చేవెళ్ల బడికి పంపినారు గాని, ఆ ఏడు మోటారు కాలిపోయి, మడి ఎండిపోయి, చదువు అక్కడికే నిలిచింది. కొలువులో మొదటి నాలుగేండ్లు కుర్మయ్య గారు చేసిన పని గాజు సామాను కడుగుట. మూడు సార్లు బోరు నీళ్లు, మూడు సార్లు మరగబెట్టి చల్లార్చి పట్టిన శుద్ధజలం, ఆపైన బోర్లించుట. బోర్లించిన గాజు గ్లాసుకు ఒక్క నీటి బొట్టు పట్టుకొని కనబడినా, అంటే లోపల ఇంకా జిడ్డున్నదని, మళ్లీ మొదటి నుంచి కడిగేవారు. ఆ నాలుగేండ్లలో వారి చేతిలో పగిలినవి రెండే రెండు. ఒకటి పిల్లి దూకితే పగిలింది, రెండవది కూతురు పింకీ పుట్టిందన్న కబురు వచ్చిన నాడు పగిలింది. ఆ రెండవ దానికి ఎవరూ ఏమీ అనలేదు; అందరికీ పేడాలు పంచినారు.

తొంభై తొమ్మిదిలో డాక్టర్ లక్ష్మీకుమారి గారు మన కేంద్రానికి వచ్చినారు. భీమవరం వైపు వారు. భర్త హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పని చేసేవారు. మేడం గారు తెచ్చిన పరిశోధన విషయం, లోహపు ఎలక్ట్రోడు మీద వాలి కూర్చున్న ప్రోటీన్లు విద్యుత్తును ఎట్ల ఇచ్చిపుచ్చుకుంటాయన్నది. వినడానికి ఒక్క వాక్యమే. ఆ వాక్యం అర్థం కావడానికి కుర్మయ్య గారికి పన్నెండేండ్లు పట్టింది, అదీ ఒక ఆడపిల్ల ఏడ్చిన తరువాత.

మేడం గారి దగ్గర అయిదు పుల్లలుండేవి. పెన్సిలంత పొడవు, కొసన శనగబద్దలో సగమంత బంగారు చుక్క. దాన్నే వారు ఎలక్ట్రోడు అనేవారు. గుర్రం గుండె నుంచి తీసిన ఎర్రటి ప్రోటీను చిన్న సీసాలో ఫ్రిజ్జులో ఉండేది. బంగారు చుక్కను ఆ ఎర్ర నీళ్లలో ముంచి, సన్నని కరెంటు పెట్టి, తెర మీద గీత ఎట్ల నడుస్తదో చూసేవారు. ప్రోటీను బతికి ఉంటే గీతకు మీదికొక మూపురం, కిందికొక మూపురం లేవాలె. చచ్చిందంటే గీత చదునుగా పోతది. చదునుగానే పోయేది. తొమ్మిదేండ్లు చదునుగానే పోయింది. గుర్రం గుండె సంగతి మాత్రం కుర్మయ్య గారు ఇంట్ల చాలా ఏండ్లు చెప్పలేదు. చెప్తే భార్య అంజమ్మ గారు సద్ది డబ్బ బయట పెట్టి కడిగేవారేమో.

ఆ అయిదు పుల్లల బాధ్యత కుర్మయ్య గారిది. ఎట్ల శుభ్రపరచవలెనో పది మెట్లుగా రాసి మేడం గారు గోడకు అతికించినారు: మెత్తటి గుడ్డ మీద తెల్లటి సన్నపొడిని నీళ్లతో కలిపి, పుల్లను నిటారుగా పట్టి, ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ రుద్దాలె, కడగాలె, మళ్లీ రుద్దాలె, ఏ రోజు పుల్లను ఆ రోజు పొద్దున సిద్ధం చెయ్యాలె. కుర్మయ్య గారు ఆ కాగితాన్ని అక్షరమక్షరం పాటించినారు. రెండువేల పదిలో వారి ఉద్యోగం పర్మినెంటు అయి, రెండేండ్ల ప్రొబేషను మొదలైనప్పుడు, సర్వీసు బుక్కు మొదటి పేజీ మీద సంతకం చేసిన చేతివేళ్ల సందులలో కూడా ఆ తెల్లపొడే ఉన్నది.

అక్షరమక్షరం అన్నాము గాని, ఒక్కటి మినహాయింపు. అది మినహాయింపని వారికే తోచలేదు.

రెండువేల ఎనిమిది ఆషాఢం, బోనాల ముందు శుక్రవారం. అంజమ్మ గారు పుస్తెలు, గుండ్లు ఇత్తడి గిన్నెలో వేసి, పెరట్ల చెట్టు కుంకుడుకాయలు చితక్కొట్టి నానబెట్టి, ఆ రసంలో నగలను రాత్రంతా ఉంచినారు. తెల్లారి తీసి కడిగితే బంగారం కొత్త పెండ్లికూతురి మీద ఉన్నట్టు మెరిసింది. అది చూసి కుర్మయ్య గారికి మనసులో ఒక మాట మెదిలింది: ఇంట్ల బంగారానికి ఇంత మంచిగ స్నానం చేయిస్తరు, ఆఫీసు బంగారాన్ని మాత్రం వట్టి పొడి పెట్టి రుద్ది రుద్ది అరగదీస్తున్నం గదా. ఆ శనివారం మధ్యాహ్నం పని ముగిసినాక అయిదు పుల్లలనూ గిన్నెడు కుంకుడు నీళ్లలో నిలబెట్టి ఇంటికి పోయినారు. సోమవారం వచ్చి శుద్ధజలంతో కడిగితే తళతళలాడినవి. తళతళలాడుతున్న దాన్ని మళ్లీ రుద్దుడెందుకని ఆ ఒక్క పూట రుద్దకనే మేడం గారి బల్ల మీద పెట్టినారు. అప్పటి నుంచి ప్రతి శనివారమూ అదే అలవాటు. ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టి చెప్పకపోవుట కాదు. అన్నం తిన్న చేయి కడుక్కున్నామని ఎవరికైనా చెప్తామా.

దానికి రెండు వారాల ముందరనే సమత అనే అమ్మాయి పరిశోధనకు చేరి ఉన్నది. శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరు పిల్ల, రైతుబిడ్డ; వాళ్ల ఊరి నుంచి ఇంత చదువుకు వచ్చిన మొదటి ఆడపిల్ల. చేరిన మూడవ సోమవారం నాడు ఆమె ముంచిన పుల్ల మీద, తొమ్మిదేండ్లలో మొదటిసారి, రెండు మూపురాలు లేచినవి. మేడం గారు కుర్చీలో నుంచి లేచి నిలబడినారు. ఆ నాడు క్యాంటీన్‌లో చేసిన సేమ్యా పాయసం లక్ష్మీకుమారి గారి లెక్కలోనే. సమత హస్తవాసి అని అందరమూ అన్నాము. కుర్మయ్య గారు కూడా అన్నారు.

మంగళవారం గీత చదునుగా పోయింది. బుధవారం అంతే. మళ్లీ వచ్చే సోమవారం మూపురాలు. ఇట్ల మూడేండ్లు నడిచింది. సోమవారం గుర్రం లేస్తది, మంగళవారం పడుకుంటది. ఎందుకన్నది ఎవరికీ అంతుచిక్కలేదు. ఆదివారం కరెంటు బంద్ పెడతరు గనుక యంత్రం చల్లబడుతుందేమోనని, ఆదివారం కూడా యంత్రాన్ని నడిపి చూసినారు. ఇసుక లారీలు ఆదివారం తిరగవు గనుక బల్ల కదలదేమోనని బల్ల కాళ్ల కింద రబ్బరు పెట్టినారు. నీళ్లు మార్చినారు, ప్రోటీను సీసా మార్చినారు, సమత గాజులు తీసి చూసింది, సెల్లు బయట పెట్టి చూసింది. గేటు దగ్గర కృష్ణయ్య అయితే, "మీ గుర్రం శివభక్తురాలు కావచ్చు, సోమవారం తప్ప ఎవ్వరి మాట వింటలేదు" అని నవ్వేవాడు. నవ్వినవాడే తరువాత ఒకనాడు సమత మొఖం చూసి ఆ మాట మానుకున్నాడు.

కుర్మయ్య గారి అయోమయం వేరే రకం. గీత చదునుగా పోయిన ప్రతి దినమూ తప్పు తమదేనని, పుల్ల సరిగ్గ రుద్దలేదని వారి మనసుకు తోచేది. అందుకని మంగళవారం పది నిమిషాలు రుద్దేవారు, బుధవారం ఇరవై, గురువారం అరగంట. రుద్దిన కొద్దీ గీత ఇంకా చదునుగా పోయేది. ఇంత కష్టపడి చేసిన పనికి ఫలితం లేదు, పని చెయ్యని సోమవారం మాత్రం మేడం గారు మెచ్చుకుంటారు. ఈ లోకం తీరే అర్థం కాలేదని ఆ రోజుల్లో టీ గ్లాసు పట్టుకొని అట్లనే కూర్చుండిపోయేవారు. టీ చల్లారిపోయి మీద మీగడ కట్టేది.

ఒకసారి సమతనే అడిగినారు, ఆ ప్రోటీనుకు బంగారంతో పంచాయితీ ఏమిటని. ఆమె తన చున్నీ కొసను ఉండ చుట్టి చూపించింది. "ఇది దారం ఉండ అనుకో కుర్మన్నా. నడిమిట్ల ఒక ఇనుప అణువు ఉంటది, ఇచ్చుడు పుచ్చుకునుడు అంత అదే చేస్తది. వట్టి బంగారం మీద ఈ ఉండ వాలిందంటే, గట్టిగ కరుచుకొని దారమంత విప్పుకొని చచ్చిపోతది. మెల్లగ, కరుచుకోకుంట కూసుంటేనే బతుకుతది. మనకు సోమవారం ఎందుకు మెల్లగ కూసుంటున్నదో అదే తెలుస్తలేదు." కుర్మయ్య గారు తల ఊపినారు. అర్థమైంది గాని, అర్థమైనది తమకు సంబంధించినదని అర్థం కాలేదు.

రెండువేల పదకొండు శ్రావణంలో ఆ పిల్ల సిద్ధాంత గ్రంథం పరీక్షకు పోయింది. వట్టి బంగారం మీదనే ప్రోటీను బతుకుతుందని అందులో రాసింది. సోమవారం గీతలే అందులో సాక్ష్యం. అదే మాటను మేడం గారు ఒక పెద్ద పత్రికకు రాస్తే వాళ్లు అచ్చుకు ఒప్పుకున్నారు కూడా. పరీక్షకులుగా వచ్చేది ఆచార్య బాపిరాజు గారు, కోస్తా వైపు విశ్వవిద్యాలయంలో తలపండిన పెద్దమనిషి. వారు ఒక ఉత్తరం రాసినారు: ఇట్ల జరుగుతుందని నేను నమ్మలేను, నా కండ్ల ముందర చేసి చూపించండి, గురువారం వస్తున్నాను. గురువారం. ఆ మాట చదివి సమత కుర్చీలో కూలబడి ఏడ్చింది. చూపించలేకపోతే గీతలు దొంగగీతలని అంటారు. మూడేండ్ల చదువు పోతుంది; మేడం గారి పేరు పోతుంది; ప్రొద్దుటూరులో తండ్రి, బిడ్డ డాక్టరైతదని ఊరంతా చెప్పుకున్న మాట పోతుంది.

మంగళవారం పొద్దున మేడం గారు బోర్డు మీద వారంలోని దినాలను గళ్లు గళ్లుగా గీసి, ఎవరెవరు ఏ రోజు ఏం చేస్తారో అందరినీ అడిగి రాసినారు. కుర్మయ్య గారిని కూడా పిలిచి, సోమవారం నాడు ప్రత్యేకంగా ఏమైనా చేస్తారా అని అడిగినారు. ఏమీ లేదు మేడం, కడుగుత, అంతే, అని చెప్పినారు. అది నిజమే అనుకొని చెప్పినారు. మేడం గారు గడిలో "కడుగుట" అని రాసి ముందుకు పోయినారు.

ఆ సాయంత్రం ముడిమ్యాలలో ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు, అంజమ్మ గారు తలంటుకు కుంకుడుకాయలు నలుపుతున్నారు. నురుగు గిన్నె అంచు దాటి పొర్లింది. ఆ నురుగును చూస్తూ చూస్తూ కుర్మయ్య గారు లేచి నిలబడినారు, మళ్లీ కూర్చున్నారు. సోమవారం బంగారం వట్టి బంగారం కాదు. దాని మీద ఈ రసం ఉన్నది. మూడేండ్ల నుంచి ఉన్నది. ఉండ మెల్లగ కూర్చునేది బంగారం మీద కాదు, కుంకుడు మీద.

సంగతంతా విని అంజమ్మ గారు నలుపుడు ఆపలేదు. "మంచిదే గదనయ్యా. రేపు నానబెట్టు, ఎల్లుండి లేస్తది, పిల్ల బతుకుతది. నీ నోట్లకెల్లి మాట రాకపాయె అనుకో, ఎవలకేం తెలుస్తది?" అన్నారు. ఆ మాటలో తప్పేమున్నదో కుర్మయ్య గారికి ఆ పూట కనబడలేదు. చెప్తే పోయేది కొలువు. ప్రొబేషనులో ఉన్న మనిషి, గోడ మీద కాగితాన్ని మూడేండ్లు దాటినాడు. చెప్తే పోయేది ఆ పిల్ల చదువు కూడా, ఎందుకంటే ఆమె రాసింది వట్టి బంగారమని. చెప్పకపోతే ఎవరికీ ఏమీ పోదు. అన్ని దారులూ ఒక్క దిక్కే చూపుతున్నవి. అయినా అన్నం సహించలేదు.

బుధవారం మధ్యాహ్నం వారు చేసిన పనికి కారణం ఇదీ అని ఇప్పటికీ చెప్పలేరు. అయిదు పుల్లలలో రెండింటిని కుంకుడు నీళ్లలో నిలబెట్టినారు. మూడింటిని గోడ మీద కాగితంలో రాసినట్టు గురువారం పొద్దున రుద్దినారు. ఏ పుల్ల ఏదో వారికొక్కరికే తెలుసు.

బాపిరాజు గారు పది గంటలకు వచ్చినారు. తెల్లని పంచె, చేతిలో పెన్ను, టీ వద్దన్నారు. సమత చేయి చాపింది. కుర్మయ్య గారు రుద్దిన పుల్లను ఇచ్చినారు. గీత చదునుగా పోయింది. రెండవది ఇచ్చినారు, అదీ రుద్దినదే. చదును. మేడం గారు కిటికీ వైపు తిరిగి నిలబడినారు. మూడవసారి సమత చేయి చాపింది. కుర్మయ్య గారు కుంకుడు పుల్లను ఆ చేతిలో పెట్టినారు.

మూపురాలు లేచినవి, మీదికొకటి, కిందికొకటి, నల్లేరు తీగ గణుపుల వలె స్పష్టంగా. బాపిరాజు గారు అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూసినారు. పెన్ను మూత తీసినారు. సంతకానికి ముందు ఒకే ఒక మాట, మామూలుగా, కాగితాల మీద నుంచి తల ఎత్తకుండనే అడిగినారు.

"మొదటి రెండూ ఎందుకు రాలేదమ్మాయీ?"

"నా చెయ్యి సరిగ్గ కుదరలేదు సార్," అన్నది సమత. "తప్పు నాదే."

గదిలో ఇంకెవరికీ ఆ మాట వినబడనట్టే ఉన్నది. కుర్మయ్య గారికి వినబడింది. మూడేండ్లు తమ చేయి సరిగ్గ కుదరలేదని అనుకొని అరగంటలు అరగంటలు రుద్దిన మనిషికి, అదే మాట ఆ పిల్ల నోట రాగానే, మొన్నటి నుంచి చిక్కుపడి ఉన్నదంతా ఒక్కసారి విడిపోయింది.

"జర ఆగుండ్రి సార్," అన్నారు. "ఆ బిడ్డ చెయ్యి మంచిదే. ఈ పుల్లను నేను కుంకుడు నీళ్లల్ల నానబెట్టిన. సోమవారం సోమవారం గట్లనే చేస్తున్న. వట్టి బంగారం కాదది."

బాపిరాజు గారు పెన్నుకు మూత పెట్టినారు. లక్ష్మీకుమారి గారు కిటికీ దగ్గర నుంచి మెల్లగా తిరిగి, "కుర్మయ్య గారూ, మొన్న అడిగితే కడుగుతా అన్నారు కదండీ" అన్నారు. అంతకన్నా గట్టిగా ఏమీ అనలేదు. అంటే బాగుండునని కుర్మయ్య గారికి అనిపించింది.

"కడుగుడే గద మేడం," అన్నారు వారు. "నాకు గదే కడుగుడు."

పెద్దమనిషి బాపిరాజు గారు గిన్నె తెప్పించినారు. తమ ముందరనే ఒక రుద్దిన పుల్లను కుంకుడు నీళ్లలో పెట్టించినారు. అది నానేంతవరకు క్యాంటీన్‌లో కూర్చొని పప్పు, చింతకాయ తొక్కు వేసుకొని మారు అన్నం పెట్టించుకొని తిన్నారు. తిరిగి వచ్చి ముంచితే మూపురాలు లేచినవి. తుడిచి పొడితో రుద్దితే పోయినవి. అయిదింటి వరకు అదే ఆట. పోయే ముందర సమతతో, "నువ్వు రాసింది తప్పమ్మా. చూసింది తప్పు కాదు. మళ్లీ రాయి" అని చెప్పి, సంతకం పెట్టకుండనే కారెక్కినారు.

దాని తరువాత జరిగినదంతా సంతోషమే అంటే అబద్ధమవుతుంది. లక్ష్మీకుమారి గారు పత్రికకు తామే ఉత్తరం రాసి, ఒప్పుకున్న వ్యాసాన్ని వెనుకకు తీసుకున్నారు. సమతకు ఇంకొక ఏడు పట్టింది. ఆ పిల్ల రెండు నెలలు కుర్మయ్య గారితో మాట్లాడలేదు. ఎదురైతే తల వంచుకొని పోయేది, వీరు కూడా తల వంచుకొనే నిలబడేవారు. ఆఫీసు నుంచి మెమో వచ్చింది, ప్రొబేషను ఒక ఏడు పొడిగించినారు. మెమో అందుకొన్న నాడు కుర్మయ్య గారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, ఆ పూట కూడా గ్లాసులు కడిగి, బోర్లించే పోయినారు.

మూడవ నెలలో ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా సమత ముడిమ్యాలకు వచ్చింది. చేతిలో ఖాళీ సంచి. అంగడిలో కొన్న కుంకుడుకాయలతో చేస్తే మూపురాలు ఒకసారి లేస్తున్నవి, రెండుసార్లు లేస్తలేవని, మీ చెట్టువే కావాలె అన్నా, అని చెప్పింది. అంజమ్మ గారు ఆమె చేత సంచి పట్టించి కాయలేరి నింపినారు. కాయలు ఎక్కువ, మాటలు తక్కువ. పోయేటప్పుడు ఆ పిల్ల గడప దగ్గర ఆగి, "నువ్వు చెప్పకపోతే నాకు ఆ దినమే వచ్చేది డాక్టరు పట్టా, కుర్మన్నా" అన్నది. "ఎరుకే బిడ్డా" అన్నారు వారు. "ఎరుకై చెప్పినవ్," అని ఆమె సంచి భుజాన వేసుకొని నవ్వింది. ఆ నవ్వు గురించి అంజమ్మ గారు ఇప్పటికీ, అటువంటిది ఎన్నడూ చూడనట్టు చెప్తారు.

ఆమె కొత్తగా రాసిన గ్రంథానికి బాపిరాజు గారే మళ్లీ వచ్చి, ఈసారి టీ తాగి, సంతకం పెట్టినారు. గోడ మీద పది మెట్ల కాగితం తీసేసి పదకొండు మెట్ల కాగితం అతికించినారు. కొత్త వ్యాసంలో కుర్మయ్య గారి పేరు వేస్తామని మేడం గారు ఎంతో చెప్పినారు గాని, ఒక కాగితంలో పేరెక్కితేనే ఇంత అయింది, ఇంకొక కాగితం వద్దని వీరు రెండు చేతులూ జోడించినారు. అందుకని అందులో "మా సహాయకుడు" అని మాత్రమే ఉన్నది.

ఆ పైన మరి పదమూడేండ్లు వారు పని చేసినారు. కరోనా రోజులలో బస్సులు లేనప్పుడు సైకిలు మీద వచ్చి ఫ్రిజ్జు ఆగకుండా చూసినారు. కొత్తగా చేరిన వారికి, నీటి బొట్టు అతుక్కున్న గ్లాసును కోప్పడకుండా చూపించి మళ్లీ కడిగించినారు. ఆ చెట్టు కాయలకే ఎందుకు అంత బాగా లేస్తదో, అంగడి కాయలకు ఎందుకు లేవదో, ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. లక్ష్మీకుమారి గారు రెండేండ్ల కింద విరమించి చిన్న మంగళారంలో స్థిరపడినారు. ఇప్పటికీ ఫోను చేసి, నాకింకా అర్థం కాలేదు కుర్మయ్య గారూ, అంటారు. నాకు మాత్రం అయిందా మేడం, అని వీరంటారు. ఇద్దరూ కాసేపు నవ్వుకుంటారు.

పోయిన నెలలో సర్వీసు పుస్తకాలు చూసే వినీత్, మేడం గారు రాసి పంపిన సిఫారసు పట్టుకొని వీరి దగ్గరకు వచ్చినాడు. ముప్పై ఏండ్ల కొలువులో ఒక్కటే మచ్చ, ఆ మెమో. పై అధికారులు ఒప్పుకున్నారు, సంతకం పెడితే తీసేస్తాము, పుస్తకం శుభ్రంగా ఉంటుందన్నాడు. కుర్మయ్య గారు చదివి వినిపించమన్నారు. వినీత్ చదివినాడు: నిర్దేశిత విధానమునకు భిన్నముగా, పై అధికారుల అనుమతి లేకుండా, ప్రయోగశాల బంగారు ఎలక్ట్రోడులను కుర్మయ్య అను సహాయకుడు కుంకుడుకాయ రసములో నానబెట్టినట్లు విచారణలో తేలినందున, తీవ్రముగా హెచ్చరించడమైనది.

వారు మొత్తం విన్నారు. ఇంకొకసారి చదవమన్నారు. వినీత్ ఇంకొకసారి చదివినాడు.

"ఉండనియ్యి బిడ్డా," అన్నారు. "నేను ఏం చేసిన్నో, నా పేరు పెట్టి రాసిన కాయితం గిదొక్కటే ఉన్నది."

శ్రీ కుర్మయ్య గారు ఈ నెల ముప్పై ఒకటవ తేదీన ఆ కాగితంతో సహా తమ సర్వీసు పుస్తకాన్ని అప్పజెప్పి, మన గేటు దాటి పోతున్నారు. ఆనాడు వట్టి కాళ్లతో వచ్చిన వారిని ఈనాడు పూలదండతో సాగనంపుతున్నాము. ముడిమ్యాల పెరట్ల కుంకుడు చెట్టు ఏటేటా విరగగాయాలె. రాలిన కాయలేరడానికి వంగినప్పుడు వారి నడుము నొయ్యకూడదు, లేచినప్పుడు మోకాలు పట్టకూడదు. అంజమ్మ గారి చేతి అన్నం వారికి ఏనాడూ సహించకుండా పోకూడదు. పింకీ పిల్లలు వారి మీద వాలి, మెల్లగా కూర్చొని, కథలు చెప్పించుకోవాలె. ఆయురారోగ్యాలతో, కంటి నిండా నిద్రతో, ఏ సోమవారానికీ తొందరపడి లేవవలసిన పని లేకుండా, వారు నూరేండ్లు చల్లగా ఉండాలని కేంద్రంలోని మనమందరమూ మనసారా కోరుకుంటున్నాము.

— సాలమ్మ, కేంద్రం క్యాంటీన్